రిపోర్ట్ ఆలస్యమైతే మనిషి ఆలస్యమైనట్టా?

పోయిన నెల ఒక ఆన్‌లైన్ సదస్సు విన్నాను. పల్లెల్లో ఉండేవాళ్లకు క్యాన్సర్ వైద్యం సరిగా అందకపోవడం గురించి, ఆ తేడా తగ్గించడానికి అందరూ కలిసి చేయాల్సిన పరిశోధన గురించి. మాట్లాడినవాళ్లు ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లు, పేషెంట్ల బాగు కోరేవాళ్లు. కానీ గంటన్నరలో "జబ్బు ముదిరాక వస్తున్నారు, అవగాహన లేదు" అన్న మాట మళ్లీ మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఇదే మాట ఒకరు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

రొమ్ములో గడ్డను అత్త తనే కనిపెట్టింది. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. రెండు రోజులు చూసి కోడలికి చెప్పింది. ఆ వారంలోనే దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన పట్నం పంపించాడు, అక్కడ ముక్క తీశారు. గడ్డ తగిలిన రోజు నుంచి అప్పటికి 12 రోజులు. ఆ తరవాత రిపోర్ట్ కోసం 26 రోజులు ఎదురుచూశాం. ముక్క అక్కడి నుంచి ఇంకో ఊళ్లో ల్యాబ్‌కి వెళ్లిందని, అక్కడ చూసే డాక్టరు వారానికి రెండు రోజులే వస్తాడని మాకు తరవాతెప్పుడో తెలిసింది.

రిపోర్ట్ పట్టుకుని పెద్దాసుపత్రికి వెళితే, ఇది చాలదు, హార్మోన్ పరీక్షలు చెయ్యాలి, బ్లాకులు తెచ్చుకోండి అన్నారు. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. తీసిన ముక్కను మైనంలో పోసి చిన్న దిమ్మలాగా చేసి దాస్తారు, అదే బ్లాకు. అగ్గిపెట్టెకన్నా చిన్నగా ఉంటుంది. తీసుకురావడానికి నేనే వెళ్లాను. మొదటిరోజు ఇచ్చే మనిషి సెలవులో ఉన్నాడు. రెండోరోజు రెండు బ్లాకులు మాత్రల కవర్‌లో వేసి, స్టేప్లర్ కొట్టి, పైన పెన్నుతో అత్త పేరు రాసి ఇచ్చారు. చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఎండకు మైనం కరుగుతుందేమోనని దారి పొడుగునా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అత్తకు ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచెయ్యదో చెప్పేది ఆ జేబులో ఉన్న మైనం ముక్కే.

పెద్దాసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. గ్రామీణ క్యాన్సర్ పేషెంట్ల మీద అధ్యయనం అంది. చాలా మర్యాదగా అడిగింది. "వైద్యానికి ఆలస్యంగా రావడానికి కారణం?" అన్న ప్రశ్న దగ్గర అయిదు జవాబులు చదివి వినిపించింది: భయం, అవగాహన లేకపోవడం, డబ్బు ఇబ్బంది, ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవడం, ఆసుపత్రి దూరం.

అత్త అంది, "నేను ఆలస్యం చెయ్యలేదమ్మా. కాయితం ఆలస్యమైంది."

ఆ అమ్మాయి తెర మీద పైకీ కిందికీ వెతికింది. అందులో ఆ జవాబు లేదు. ఏదో ఒకటి నొక్కితే తప్ప ముందుకు వెళ్లదట. "ఆసుపత్రి దూరం అని పెడుతున్నానండీ, ఏమనుకోకండి" అంది. అలా 26 రోజుల రిపోర్ట్ ఆలస్యం ఒక పట్టికలో దూరంగా మారిపోయింది. రేపు దాన్ని చదివినవాళ్లు బస్సు ఏర్పాటు చేయాలంటారు. మాకు కావలసింది బస్సు కాదు.

నా అభిప్రాయం ఇక్కడే మొదలైంది. కలిసి చేసే పరిశోధన అంటే మూడు యూనివర్సిటీలు, రెండు ఆసుపత్రులు ఒప్పందం మీద సంతకాలు పెట్టడమే అయితే అది చాలదు. ప్రశ్నలు తయారయ్యేటప్పుడే ఆ దారిలో నడిచిన మనిషి ఆ గదిలో ఉండాలి. ప్రశ్నలు అయిపోయాక పిలిచి జవాబులు రాసుకోవడాన్ని భాగస్వామ్యం అనడానికి నాకు మనసొప్పదు.

జబ్బు అదే, దారి వేరు

పల్లెవాళ్లకు క్యాన్సర్ ఎక్కువగా వస్తుంది కాబట్టి ఎక్కువమంది పోతున్నారు అని చాలామంది అనుకుంటారు. అమెరికా లెక్కలు చూస్తే ఇది నిలబడదు. అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2017లో విడుదల చేసిన నివేదిక ప్రకారం క్యాన్సర్ కొత్తగా బయటపడుతున్నవాళ్లు ఏడాదికి లక్షకు గ్రామీణ ప్రాంతాల్లో 442 మంది, నగర ప్రాంతాల్లో 457 మంది. అంటే పల్లెల్లోనే కాస్త తక్కువ. చనిపోతున్నవాళ్లు మాత్రం పల్లెల్లో 180, నగరాల్లో 158. జబ్బు తక్కువమందికి వచ్చి, ప్రాణాలు ఎక్కువగా పోతున్నాయంటే మధ్యలో ఏదో జరుగుతోంది.

ఆ మధ్యలో ఏముందో చూపించిన అధ్యయనం 2018లో వచ్చింది. స్వాగ్ అనే క్యాన్సర్ పరిశోధన బృందం 1986 నుంచి 2012 వరకు నడిపిన ట్రయల్స్‌లో (వైద్య పద్ధతులను పేషెంట్ల మీద పరీక్షించి చూసే అధ్యయనాల్లో) చేరిన సుమారు 37 వేల మంది పేషెంట్ల వివరాలు తిరగేశారు. ట్రయల్‌లో ఉన్నవాళ్లందరికీ ఒకే పద్ధతిలో మందు, ఒకే లెక్కన పరీక్షలు, ఒకే రకం పర్యవేక్షణ. అలా చూసినప్పుడు పల్లె పేషెంట్లు, పట్నం పేషెంట్లు బతికిన కాలంలో దాదాపు తేడా కనపడలేదు. ఒకటీ అరా రకాల క్యాన్సర్లు మినహాయింపు.

దీన్ని మొదట చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. తరవాత ఒక అనుమానం వచ్చింది. ట్రయల్‌లో చేరగలిగిన పల్లె మనిషి అప్పటికే సగం కంచెలు దాటి వచ్చినవాడు. తోడుగా వచ్చే మనిషి, సెలవు, ప్రయాణం భరించే ఒళ్లు ఉన్నవాడు. రాలేనివాడు ఆ 37 వేలల్లో లేడు. కాబట్టి వైద్యం సమానంగా ఇస్తే తేడా మొత్తం మాయమవుతుందని నేను చెప్పలేను. కానీ పల్లె మనిషి ఒంట్లోనో, మొండితనంలోనో లోపం వెతకడం ఇక మానుకోవాలని మాత్రం ఆ అధ్యయనం చూశాక గట్టిగా అనిపించింది. వెతకాల్సింది గడ్డ తగిలిన రోజుకీ మొదటి కీమో రోజుకీ మధ్య ఉన్న దారిలో.

ఆ దారిని ముందు విని, తరవాత పరిష్కారం కట్టిన సందర్భం ఒకటి ఉంది. 1989లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ దేశంలో ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టి పేద క్యాన్సర్ పేషెంట్లను మాట్లాడమంది. వాళ్లు చెప్పింది విన్నాకే హెరాల్డ్ ఫ్రీమన్ అనే సర్జన్ 1990లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. అనుమానం బయటపడిన దగ్గర్నుంచి వైద్యం మొదలయ్యేదాకా పేషెంట్ వెంట ఉండి, ఎక్కడ ఆగిపోతే అక్కడ కదిలించే ఒక మనిషి. దాన్నే పేషెంట్ నావిగేషన్ అంటున్నారు. పుట్టింది నగరంలోనే అయినా ఇప్పుడు గ్రామీణ క్యాన్సర్ వైద్యం గురించి ఎక్కడ మాట్లాడినా ఈ మాట రాకుండా ఉండదు. అత్త బ్లాకుల కోసం నేను తిరిగిన రెండు రోజులు నేను చేసింది ఆ పనే. నాలాంటి మేనల్లుడు లేనివాళ్ల సంగతి ఏమిటని బస్సులో కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

లెక్క రాయడానికి వెళ్లినవాళ్లు

మన దేశంలో నన్ను బాగా కదిలించిన ఉదాహరణ మహారాష్ట్రలోని బార్షీ. 1987లో అక్కడ దేశంలోనే మొదటి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో లెక్క రాసి పెట్టేదే రిజిస్ట్రీ. నగరంలో అయితే ఆసుపత్రి రికార్డులు చూసి లెక్క రాసుకోవచ్చు. పల్లెల్లో ఆసుపత్రికే రానివాళ్ల లెక్క రికార్డుల్లో ఎలా ఉంటుంది? అందుకని రిజిస్ట్రీ సిబ్బందే ఊళ్లకు వెళ్లారు. జనంతో కూర్చున్నారు. ఏ లక్షణాలుంటే అనుమానించాలో చెప్పారు, అనుమానం ఉన్నవాళ్లను పరీక్షకు తీసుకొచ్చారు. అదే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లారు.

కొన్నేళ్లకు అనుకోనిది జరిగింది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తో వచ్చే ఆడవాళ్లు అంతకుముందుకన్నా తొలి దశలోనే రావడం మొదలైంది. ఆ సంగతిని వాళ్లే 1990లలో పరిశోధన వ్యాసాల్లో రాశారు. లెక్కపెట్టడానికి వెళ్లినవాళ్లు లెక్కనే మార్చేశారు. శాస్త్రం పరంగా ఇది ఇబ్బందే, కొలిచేవాడు కొలిచేదాన్ని కదపకూడదు అంటారు. నాకైతే ఇంతకన్నా మంచి ఇబ్బంది ఉండదనిపిస్తుంది.

బార్షీలో కుదిరిన ఆ నమ్మకం మీదే పక్కన ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పుడు ధారాశివ్) పెద్ద ట్రయల్ జరిగింది. బార్షీ ఆసుపత్రి, ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ కలిసి చేశాయి. ఊళ్లను 52 గుంపులుగా విడగొట్టి, 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 1,31,746 మందిని తీసుకున్నారు. 2009లో ఫలితాలు వచ్చాయి. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందేమో ఒక్కసారి పరీక్ష చేసిన గుంపులో, ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు, స్క్రీనింగ్ (లక్షణాలు లేకముందే చేసే పరీక్ష) చేయని గుంపుతో పోలిస్తే దాదాపు సగమే. జీవితంలో ఒకే ఒక్క పరీక్ష! ఏటేటా రాలేని మనిషికి ఇది ఎంత పెద్ద విషయమో చెప్పనక్కర్లేదు.

కానీ ఆ వాక్యంలోనే ముల్లు కూడా ఉంది. స్క్రీనింగ్ చేయని గుంపు. పోల్చి చూడడానికి ఉంచిన ఆ వేలమందికి పరీక్షలు చేయలేదు. కావాలంటే ఎక్కడ చేయించుకోవచ్చో మాత్రం చెప్పారు. దీనిమీద తరవాత తీవ్రమైన విమర్శలు వచ్చాయి. అప్పటికి అక్కడ ఎవరికీ స్క్రీనింగ్ లేదు కాబట్టి ఉన్నది తీసెయ్యలేదు కదా అన్నది ఒక వాదన. స్క్రీనింగ్ ప్రాణాలు కాపాడుతుందని లోకానికి ముందే తెలుసు కదా అన్నది ఇంకో వాదన. నేను రెండు వైపులా చాలా రోజులు ఊగాను. ఆ ఫలితం లేకపోతే హెచ్‌పీవీ పరీక్షకు ఇంత బలం వచ్చేది కాదు, అది నిజం. అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. ఇలా చెయ్యబోతున్నాం, మీ ఊరు ఏ గుంపులో పడుతుందో తెలియదు, మీకు సమ్మతమేనా అని ఆ ఆడవాళ్లతో ముందే కూర్చుని, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చర్చించి ఉంటే, వాళ్లు ఇంకో పద్ధతి చెప్పేవాళ్లేమో. అందరికీ చేయండి, కాకపోతే కొన్ని ఊళ్లకు ముందు, కొన్ని ఊళ్లకు తరవాత అని ఎవరో ఒక పెద్దామె అనేదేమో. అలా వంతులవారీగా చేసే ట్రయల్ పద్ధతి శాస్త్రంలో నిజంగానే ఉంది.

సంతకం ఎవరిది

అర్థమయ్యే మాటల దగ్గర కాసేపు ఆగాలి. అత్త దగ్గరికి ఇంకోసారి ఇంకో అధ్యయనంవాళ్లు వచ్చారు. సమ్మతి పత్రం తెలుగులోనే ఉంది. "మీరు యాదృచ్ఛికంగా ఏదో ఒక సమూహానికి కేటాయించబడతారు" అని ఉంది. అత్త నన్ను చదవమంది. చదివాను. "అంటే?" అంది. వివరించబోయి తడబడ్డాను. మొత్తం విని, "చీటీలు వేస్తారా?" అంది. అంతే, అదే! ఎవరికి ఏ మందో డాక్టరు ఇష్టం కాదు, చీటీలో ఏది వస్తే అది. ఆ ఒక్క మాట పత్రంలో ఉంటే ఎంతమందికి అర్థమయ్యేదో. ఆ పత్రం రాసిన రోజు గదిలో అత్త ఉంటే ఆ మాట పడేది.

ఖమ్మం సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. 2009లో అమెరికాకు చెందిన పాత్ అనే ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది ఇంకొకటి. చాలా పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలకు బదులు హాస్టల్ వార్డెన్లవి, హెడ్‌మాస్టర్లవి ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. పేరు చూస్తే అదీ సహకార ప్రాజెక్టే. ముగ్గురు పెద్ద భాగస్వాములు. నాలుగో భాగస్వామిగా ఉండాల్సిన అమ్మానాన్నలను అడగకుండానే సంతకం అయిపోయింది.

ఈ టీకా మంచిదని నమ్మేవాళ్లలో నేనొకడిని. అందుకే ఆ సంతకాల మీద నాకు ఇంత బాధ. మంచి మందును చెడ్డ పద్ధతిలో తెస్తే జనానికి గుర్తుండేది పద్ధతే.

దీనికి ఇంకో కొస ఉంది, అది చదివిన రోజు నిద్రపట్టలేదు. అదే సమయంలో దేశంలో వేరేచోట్ల ఐఏఆర్‌సీ ఆధ్వర్యంలో, టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చే ట్రయల్ నడుస్తోంది. 2010లో హెచ్‌పీవీ టీకా ట్రయల్స్ అన్నీ ఆపమని ప్రభుత్వం చెప్పడంతో అందులో కొన్ని వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసుతోనే ఆగిపోయింది. పరిశోధకులు వాళ్లను వదిలిపెట్టలేదు, ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఈ క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన హెచ్‌పీవీ 16, 18 రకాల ఇన్ఫెక్షన్ పాతుకుపోకుండా ఆపడంలో ఒక్క డోసు కూడా దాదాపు అంతే పనిచేస్తోందని తేలింది. ఇతర దేశాల ఆధారాలూ తోడై, 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ఏళ్ల లోపువాళ్లకు ఒక్క డోసు చాలని చెప్పింది. మారుమూల ఊళ్లకు ఒక డోసుకీ మూడు డోసులకీ ఉన్న తేడా చిన్నది కాదు. ఆ ఫలితం వెనక, ఆగిపోయిన ట్రయల్‌లోని ఆ అమ్మాయిలు ఉన్నారు. ఇదంతా వాళ్లవల్ల తెలిసిందని వాళ్లకు ఎవరైనా వెళ్లి చెప్పాలని నా కోరిక.

నాకే ఉన్న అభ్యంతరాలు

ఊరంటే ఒక గొంతు కాదు. ఊరి తరఫున ఒకరిని కమిటీలో వెయ్యండి అంటే వచ్చేది ఎవరో మనకు తెలుసు. మాట చెల్లేవాడు, బాగా మాట్లాడగలిగినవాడు. రొమ్ములో గడ్డ గురించి అతని ముందు మా అత్త నోరు విప్పుతుందా? విప్పదు. అందుకని కమిటీ అన్న మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం భయమే. ఆడవాళ్లతో విడిగా, ఆ జబ్బు పడినవాళ్లతో విడిగా కూర్చోవాలి. దానికి సమయం పడుతుంది, గ్రాంటు గడువు ఆగదు. పరిశోధకుల ఈ ఇబ్బంది నిజమైనదే.

ఇంకోటి. అన్నీ ఊళ్లోకే తెమ్మనడం కూడా తప్పే. అన్నవాహిక, క్లోమం ఆపరేషన్ల లాంటివి ఎక్కువగా చేసే ఆసుపత్రుల్లోనే ప్రాణాలు బాగా నిలుస్తాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఊరిని అడిగితే "ఇక్కడే చెయ్యండి" అంటుంది. అలాంటప్పుడు డాక్టరు కాదని చెప్పాలి. కలిసి పనిచేయడమంటే అన్నిటికీ తలూపడం కాదు.

అయితే అక్కడే చేయగలిగినవి ఏవో తేల్చవచ్చు. డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో దానికి దారి చూపింది. మారుమూల డాక్టర్లు ప్రతివారం వీడియోలో యూనివర్సిటీ నిపుణులతో కూర్చుని కేసులు చర్చించుకుంటారు. అది మొదలైంది కాలేయానికి వచ్చే హెపటైటిస్ సీతో. 2011లో అచ్చైన ఫలితాల్లో జబ్బు నయమైనవాళ్లు యూనివర్సిటీ ఆసుపత్రిలో 57.5 శాతం, పల్లె క్లినిక్‌లు, జైళ్లలో 58.2 శాతం. ఇప్పుడు అదే పద్ధతిని క్యాన్సర్‌కూ వాడుతున్నారు.

నా వాదనకు అన్నిటికన్నా గట్టి ఎదురుదెబ్బ రేడియేషన్ దగ్గర తగిలింది. పేషెంట్లు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. అత్తకు 15 సార్లు పెట్టారు, మూడు వారాలు ఇల్లు వదిలి ఉంది. ఒకప్పుడు 25 సార్లు, అయిదు వారాలు పట్టేది. బ్రిటన్‌లో 4 వేలమందికి పైగా పేషెంట్ల మీద చేసిన ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ 2020లో ఇంకో అడుగు వేసింది. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ తరవాత ఒకే వారంలో 5 సార్లు పెట్టినా, అయిదేళ్లకు చూస్తే జబ్బు తిరగబెట్టడంలో మూడు వారాల పద్ధతికి తీసిపోలేదు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇంతకుమించిన మేలు ఏ గ్రామీణ అధ్యయనమూ చెయ్యలేదేమో. పైగా దాని పేరులో గ్రామీణం అన్న మాటే లేదు. మరి ఊరివాళ్లు గదిలో ఉండి తీరాలని నేనెందుకు పట్టుబట్టాలి?

చాలా ఆలోచించాక నాకు తోచింది ఇది. అత్తను అడిగి ఉంటే ఆమె మొదటి ప్రశ్న ఇదే అయ్యేది: "ఇన్ని రోజులు ఉండాలా? తగ్గించలేరా?" మనుషులు ఇల్లు వదిలి ఉండలేక రొమ్ము మొత్తం తీసెయ్యమని అడుగుతున్న సంగతి ఏ వార్డు నర్సుకైనా తెలుసు. రేడియేషన్ కేంద్రానికి దూరమయ్యేకొద్దీ అలా తీసేయించుకునేవాళ్లు పెరుగుతారని చాలా అధ్యయనాల్లో కనపడింది కూడా. మంచి ప్రశ్న డాక్టరుకూ తడుతుంది, కాదనను. ఊరిని అడిగితే అది ముందు తడుతుంది. పైగా ఫలితం అచ్చైన మర్నాడే అన్ని ఆసుపత్రులూ మారిపోవు. ఫలానా పద్ధతి ఉందట కదా అని వరండాలో కూర్చున్న మనిషి అడగాలంటే, ఆ ఫలితం ఆ వరండాదాకా రావాలి.

ఏడాది తరవాత ఆ ట్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది. అత్త ఇప్పుడు బాగుంది, మాత్రలు వేసుకుంటోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాం. పావుగంట పైన ప్రశ్నలు. నిద్ర ఎలా ఉంది, చెయ్యి వాస్తోందా, పనులు చేసుకోగలుగుతున్నారా. అత్త అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. చివర్లో ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి పెట్టేయబోతుంటే అత్త ఆపింది.

"పోయినసారి అన్ని అడిగావు కదమ్మా. వాటిల్లో ఏం తేలింది?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "అది మాకు చెప్పరండీ," అంది ఆ అమ్మాయి. "నేను మా మేడమ్‌ని అడుగుతాను."

"అడుగమ్మా," అంది అత్త. "ఆ కాయితం సంగతి కూడా అడుగు."